పదెకరాల మాగాణి ఏ అధికరణంలో ఉంది?

రాజ్యాంగం ఎలా పుట్టిందంటే మన పాఠ్యపుస్తకాలు తేదీలు అప్పజెప్తాయి. 1946 డిసెంబరు 9న సభ కూడింది, 1949 నవంబరు 26న ఆమోదించింది, 1950 జనవరి 26న అమల్లోకొచ్చింది. ఆ తర్వాత ఒక తగువు: రాసింది అంబేద్కరా, బి.ఎన్. రావా? ఈ తగువులో పడి అసలు ప్రశ్న మరిచిపోయాం. ఆ సభలో దళితులు ఏమడిగారు? అడిగినదాంట్లో ఏది లోపలికొచ్చింది, ఏది గుమ్మం బయటే ఆగిపోయింది?

ముందు ఆ సభ ఎవరిదో చూద్దాం. సభ్యుల్ని జనం నేరుగా ఎన్నుకోలేదు, రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటేసింది 1935 చట్టం ప్రకారం ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్ళు. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళినవాళ్ళలో మన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు ఉన్నారు. ఆస్తీ చదువూ లేని కంబారికి మాత్రం ఆ ఎన్నికలో ఏ పాత్రా లేదు.

అయినా అక్కడ దళిత గొంతు లేదనుకుంటే పొరపాటు. కర్నూలు నుంచి వెళ్ళిన ఎస్. నాగప్ప కాంగ్రెస్ మనిషే. కానీ 1947 ఆగస్టులో ఆయనో సవరణ పెట్టారు: రిజర్వుడు సీటులో గెలిచేవాడికి దళితుల ఓట్లలో కనీసం 35 శాతం రావాలి. పూనా ఒప్పందం వల్ల మన సీట్లలో ఎవరికి నచ్చినవాళ్ళు గెలుస్తారో ఆయనకు తెలుసు. పటేల్ ఒప్పుకోలేదు, సవరణ వెనక్కి పోయింది. 1949 మేలో నాగప్ప ఇంకో మాటన్నారు. ప్రతి హరిజన కుటుంబానికీ పదెకరాల మాగాణి, ఇరవై ఎకరాల మెట్ట ఇవ్వండి, పిల్లలకు యూనివర్సిటీ దాకా ఉచితంగా చదువు చెప్పించండి, పెద్ద ఉద్యోగాల్లో అయిదో వంతు ఇవ్వండి, అప్పుడు రిజర్వేషన్లు వదులుకుంటామన్నారు. రిజర్వేషన్ భిక్ష కాదు, ఇవ్వని భూమికి బదులు అని దీని అర్థం.

అంబేద్కర్ కూడా 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో భూమిని జాతీయం చేసి, కులభేదం లేకుండా కుటుంబాలకు ఇచ్చి, సమష్టిగా సాగు చేయించాలన్నారు. దాన్ని రాజ్యాంగంలోనే రాయాలన్నారు. డ్రాఫ్టింగ్ కమిటీకి ఆయనే అధ్యక్షుడైనా అది అందులోకి రాలేదు.

వచ్చినవి తక్కువేం కాదు. అందరికీ ఓటు, అంటరానితనం రద్దు, రిజర్వుడు సీట్లు. కానీ ఉన్నవాడి ఆస్తి ప్రాథమిక హక్కయింది, 1978లో 44వ సవరణ వచ్చేదాకా అలాగే ఉంది. లేనివాడికి వనరుల పంపకం మాత్రం కోర్టుకెళ్ళి అడగడానికి వీల్లేని ఆదేశిక సూత్రమైంది. మన జిల్లాలో దీని అర్థం ఏటి? 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారుకు నష్టపరిహారం ఇచ్చింది, రైతుకు పట్టా ఇచ్చింది. ఆ రైతు పొలంలో చాకిరీ చేసిన కంబారికి పట్టా లేదు.

వంగర మండలం లక్షింపేటలో మడ్డువలస రిజర్వాయరుకు ప్రభుత్వం తీసుకున్న భూముల్లో మునగని నేలను దళితులు సాగు చేసుకున్నారు. ఆ నేల దగ్గరే 2012 జూన్ 12న వాళ్ళ మీద దాడి జరిగి అయిదుగురు దళితులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాగప్ప అడిగిన పదెకరాలు 1949లో ఇచ్చి ఉంటే అనే ప్రశ్న వేయకుండా లక్షింపేట చరిత్ర రాయలేం.

రాజ్యాంగం మీద దాడి జరిగినప్పుడు మనమే అడ్డం నిలబడాలి, అందులో సందేహం లేదు. దాన్ని కాపాడటమంటే పుస్తకానికి దండ వెయ్యడం మాత్రం కాదు. ఆ సభ చర్చల సంపుటాలు తెలుగులోకి తెచ్చుకుని పేటపేటలో చదవాలి. ఒకరి మేధస్సునో, ఒకరి దయనో కొలిచే చదువు ఇక చాలు. మనవాళ్ళు అడిగి ఓడిపోయిన సవరణలతోనే మన చదువు మొదలవ్వాలి.