ఆండ్రోమెడాను విప్పి చూస్తే

మొయినాబాద్, చేవెళ్లల్లో ఆండ్రోమెడా గెలాక్సీని చూడాలంటే కాస్త ఓపిక పట్టాలి. అది ఈశాన్యాన పొడుస్తుంది. హైదరాబాద్ వెలుగు ఆకాశాన్ని కమ్మేదీ దాదాపు అటే. కార్తీకంలో, వెన్నెల లేనప్పుడు, రాత్రి తొమ్మిది దాటేసరికి ఆ వెలుగును తప్పించుకుని ఉత్తరాన 66 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో ఇక్కడి కట్టడాలకు పగ్గాలు వేసింది. ఈమాత్రం చీకటి మిగలడానికి అదీ ఒక కారణమనుకుంటాను.

పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు కలిసి నడినెత్తిన పెద్ద చతురస్రం కడతాయి. దాని ఈశాన్య మూల నుంచి రెండో చుక్క మిరాక్. అక్కడ ఉత్తరానికి మళ్లి, రెండు మసక చుక్కలు ఎక్కితే, రెండోదాని పక్కనే ఉంటుంది గెలాక్సీ. బైనాక్యులర్‌లో కోలగా, నడుమ చిక్కగా కనిపిస్తుంది. ఆ కాంతి బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది. ఈ దూరాన్ని పట్టే దారి 1923లో ఖగోళవేత్త హబుల్‌కు దొరికింది: 31 రోజులకోసారి వెలుగు పెరిగి తగ్గే ఒక సెఫీడ్ నక్షత్రం.

ఆ కోలతనం ఆకారం కాదు, వాలు. గుండ్రటి కంచాన్ని ఏటవాలుగా పట్టుకున్నట్టు, ఈ బిళ్ల మనకు 77 డిగ్రీలు వాలి ఉంది. భ్రమణాన్ని కొలవడానికి ఇది అనువైన వాలు. పూర్తిగా మనవైపే తిరిగి ఉంటే దాని భ్రమణం కొలతకు అందేది కాదు. అంచు మాత్రమే కనిపిస్తే సర్పిల బాహువులు, ధూళి పట్టీలు ఒకదాని చాటున ఒకటి దాక్కునేవి.

ఇక భ్రమణం. గెలాక్సీలో ఒక చోటి కాంతిని సన్నని చీలిక గుండా పంపి వర్ణపటంగా విడదీస్తే, అందులోని గీతలు తమ స్థానం నుంచి జరిగి ఉంటాయి. నీలం వైపు జరిగితే ఆ చోటు మనవైపు వస్తున్నట్టు. మొత్తం గెలాక్సీ సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోందని 1912లో ఖగోళవేత్త స్లైఫర్ కొలిచాడు. బిళ్ల తిరుగుతోంది కనుక ఒక కొసన ఈ జరుగుడు ఎక్కువ, రెండో కొసన తక్కువ. ఆ తేడాలోంచే భ్రమణ వేగం బయటపడుతుంది.

ఖగోళవేత్తలు వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఇలా 67 వాయు మేఘాలను కొలిచి ప్రకటించారు. మసక కాంతిని పెంచే ఫోర్డ్ పరికరం లేకుంటే అది అయ్యే పని కాదు. సూర్యుడి చుట్టూ దగ్గరున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగెడితే, దూరాన ఉన్న నెప్ట్యూన్‌ది అయిదే. ఇక్కడ మాత్రం అంచుకు పోయినా వేగం అలా పడిపోలేదు. వెలిగే నక్షత్రాల బరువొక్కటే అంత వేగాన్ని పట్టి ఉంచలేదు. కంటికి కనిపించని కృష్ణపదార్థం ఉందనడానికి గట్టి ఆధారాల్లో ఇదొకటి. చేవెళ్లలో మన బైనాక్యులర్‌కు చిక్కేది నడిబొడ్డే. ఆరు నిండు చందమామల పొడవున్న గెలాక్సీలో, ఆ మేఘాల్లో చాలావరకు ఉన్నది మనకు ఖాళీ ఆకాశంలా తోచే భాగంలో.