పళ్ళెం అంచున పట్టు

మా మేనకోడలు కూచిపూడిలో మొదటిసారి ఇత్తడి పళ్ళెం ఎక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాలుగడుగులు పడ్డాయో లేదో, పళ్ళెం ముందుకు జారింది, పిల్ల వెనక్కి కూలబడింది. గురువుగారు కసరలేదు. "వేళ్ళు బిగబట్టి మడమ వదిలేశావమ్మా. మళ్ళీ ఎక్కు" అన్నారు. అప్పటిదాకా నేను తరంగం చూసినప్పుడల్లా నర్తకి నెత్తిమీది నీళ్ళ చెంబునే చూసేదాన్ని. ఆ రోజు నుంచి నా చూపు పాదాల మీదికి దిగింది.

తరంగం అంటే నారాయణతీర్థులు సంస్కృతంలో రచించిన శ్రీకృష్ణలీలాతరంగిణి లోని పాట. కృష్ణుడి పుట్టుక నుంచి రుక్మిణీ కల్యాణం దాకా పన్నెండు తరంగాలుగా సాగే గ్రంథం అది. పాటకు అభినయం నడిచాక, జతుల దగ్గర నర్తకి పళ్ళెం ఎక్కుతుంది.

ఎక్కడం తేలికే. నిలబడటమే విద్య. అరమండిలో మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి, పాదాలు చెరో అంచు మీద కూర్చుంటాయి. అంచు అరికాలి కింద ఎంత లోపలికి రావాలన్నదే అసలు లెక్క. మరీ వేళ్ళ దగ్గరే ఆగితే మడమకు ఆధారం ఉండదు, పిక్కలు పట్టేస్తాయి. మడమ వైపు మరీ జరిగితే వేళ్ళకు పట్టు దొరకదు, పళ్ళెం తన ఇష్టమొచ్చిన దారి పడుతుంది. ఆ మధ్యన ఎక్కడో, వేళ్ళు అంచును అదిమి పట్టుకోగలిగి, బరువు మాత్రం పాదమంతా మోసే చోటు ఒకటుంటుంది. ఒక్కొక్కరి పాదానికి అది ఒక్కొక్క చోట. గురువు చూపించలేడు, తప్పినప్పుడు చెప్పగలడు అంతే.

కదలిక ఇంకో ముచ్చట. బరువు కుడి పాదం మీద నిలిపితే ఎడమ వైపు అంచు తేలికవుతుంది. ఆ తేలికైన వైపును కాస్త ముందుకు తిప్పుతారు. వెంటనే బరువు ఎడమకు మారుతుంది, కుడి అంచు ముందుకొస్తుంది. ఇలా పళ్ళెం ఎడమా కుడీగా నడుస్తుంది. కాలు గట్టిగా బిగిస్తే పళ్ళెం కదలదు, వదిలేస్తే ఆగదు. తివాచీ మీద ఈడ్చుకుపోతుంది, నున్నటి గచ్చు మీద జారిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు ప్రదర్శనకు ముందే వేదిక మీద పళ్ళెం పెట్టి నాలుగడుగులు వేసి చూసుకుంటారు.

గజ్జెల కట్టుకూ ఇదే బాధ. తోలు పట్టీ వదులైతే జారి చీలమండ మీద పడుతుంది, మువ్వలు పళ్ళెం అంచుకు కొట్టుకుంటాయి, జతి మధ్యలో లేని చప్పుడు పుడుతుంది. బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. తిమ్మిరెక్కిన పాదానికి అంచు ఎక్కడుందో తెలియదు. మా పిల్ల ఇప్పుడు చిటికెన వేలు దూరేంత సందు ఉంచి ముడి వేస్తుంది. కట్టుకునే ముందు కళ్ళకద్దుకోవడం మాత్రం ఎన్నడూ మానలేదు.

ఇదంతా గారడీ అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మృదంగం మీద జతి నడుస్తుంటే ఇత్తడి నేలను ఒరుసుకునే శబ్దం వినండి. పట్టు కుదిరినప్పుడు అది తాళంలో పలుకుతుంది. ఆ పలుకు లేకుండా చెంబు ఎంత నిలిపినా నాకు తృప్తి ఉండదు.

మొవ్వ పక్కనున్న కూచిపూడి ఊళ్ళో ఈ నాట్యం తరతరాలుగా ఆడింది మగవాళ్ళే. భామాకలాపం నాటకంలో సత్యభామ వేషం కట్టిందీ మగవాడే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఏకపాత్ర నృత్యానికి ఊపిరి పోసి, ఆడపిల్లలకూ నేర్పారు. ఊరి నుంచి వచ్చిన వ్యతిరేకతను లెక్కచెయ్యకుండా ఆయన తీసుకున్న ఆ నిర్ణయం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. తరవాత ఇదే ఊళ్ళో పుట్టిన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఈ రోజు అమెరికాలో తెలుగు పిల్లలు సూట్‌కేసులో ఇత్తడి పళ్ళెం సర్దుకుని పోటీలకు వెళ్తున్నారంటే ఆ దారులు వేసినవాళ్ళ పుణ్యమే.

మొన్న సాధన అయ్యాక మా పిల్ల పళ్ళెం దిగి అరుగు మీద కూర్చుంది. నెత్తిమీది చెంబు నీళ్ళు తులసికోటలో పోసి, కాళ్ళు చాపింది. రెండు అరికాళ్ళ మీదా అంచు అచ్చు ఎర్రగా, వంపుగా పడి ఉంది. రెండూ ఒకే చోట.