ఒగ్గు కథకు ఒక రాత్రి కావాలి

సంక్రాంతి దాటిందంటే సిద్దిపేట జిల్లా కొమురవెల్లికి జనం కదులుతారు. ఉగాది దాకా ప్రతి ఆదివారం అక్కడ మల్లన్న జాతరే. హైదరాబాద్ వాళ్ళది పట్నం వారం, సికింద్రాబాద్ వాళ్ళది లష్కర్ వారం. బోనాలెత్తుకొని వచ్చినవాళ్ళు నుదుట పసుపు బండారి పెట్టుకొని, గంగరేగు చెట్టు దగ్గర ఒగ్గు పూజారిని పిలిచి పట్నం అనే ముగ్గు వేయిస్తారు. గుడి లోపల పుట్టమన్ను మల్లన్నకు వీరశైవ అర్చకులు పూజ చేస్తారు. బయట, చెట్టు నీడన, మల్లన్నను పిలిచేది కథే. ఆ కథ చెప్పేవాళ్ళు ఒగ్గువాళ్ళు.

చేతిలో మోగే డమరుకమే ఒగ్గు. దాని పేరే కళకూ, కళాకారులకూ వచ్చింది. కురుమ, యాదవ కుటుంబాలలో తరతరాలుగా సాగుతున్న విద్య ఇది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు దీనికి ప్రాణం. ఈ కళాకారుడు పూజారి కూడా కావడం దీని ప్రత్యేకత. ముందు నేల అలికి, పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడులను వేళ్ళ సందుల్లోంచి సన్నగా జార్చుతూ పట్నం గీస్తాడు. దేవుణ్ణి ఆ ముగ్గులోకి ఆహ్వానిస్తాడు. వచ్చిన దేవుడెవరో, ఎక్కడ పుట్టాడో, ఎన్ని కష్టాలు పడ్డాడో ఆ దేవుడి ముందే చెబుతాడు. అందుకే ఒగ్గు కథలో చెప్పేవాడికి ఇద్దరు శ్రోతలు: ఎదుట కూర్చున్న జనం, పట్నంలో కొలువైన మల్లన్న.

బృందంలో నలుగురైదుగురు ఉంటారు. డోలు, తాళాలు వెనక. కాళ్ళకు గజ్జెలు కట్టిన ప్రధాన కథకుడు ముందు. అతని పక్కన వంతగాడు. వేషాలు మార్చడానికి తెర ఉండదు, తెరచాటూ ఉండదు. కథకుడి భుజం మీది కండువానే సకల వేషమూ. తలకు చుడితే మల్లన్న. కొంగులా తల మీద కప్పుకుంటే మల్లన్న పెళ్ళాడే గొల్ల కేతమ్మ. కండువా తీరు మారే ఆ క్షణంలోనే గొంతు మారుతుంది, నడుము వంపు మారుతుంది, అడుగు మారుతుంది. వచనంగా మొదలైన మాట నాలుగు వాక్యాలు నడిచేసరికి రాగం అందుకుంటుంది. రాగం చివర డోలు పడుతుంది. డోలు ఆగిన చోట మళ్ళీ మాట.

ఈ నడకంతా వంతగాడి చేతిలో ఉంటుంది. మల్లన్న కేతమ్మ ఊరికి వచ్చిన ఘట్టం అనుకుందాం. కథకుడు, “మంద కాడ ఎవలో నిలవడ్డరట!” అంటాడు. “ఎవలే వాళ్ళు?” అంటాడు వంతగాడు. “చూస్తే రాజు లెక్కనే ఉన్నడు.” “రాజుకు గొర్ల మంద కాడ ఏం పని?” జనం నవ్వుతారు. ఆ ప్రశ్న నిజానికి జనానిదే, వాళ్ళ తరఫున వంతగాడు అడిగాడు. కథకుడు ఊపిరి తీసుకోవడానికి సందు దొరికింది, తర్వాతి చరణం గుర్తు చేసుకోవడానికి వ్యవధి దొరికింది, నిద్రకు తూగుతున్నవాడు తలెత్తాడు. ఒక్క ప్రశ్న ఇన్ని పనులు చేస్తుంది.

అంతకన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. ఒగ్గు కథకు రాతప్రతి చూసి నేర్చుకునే అలవాటు లేదు. రాత్రుల తరబడి గురువు పక్కన వంత పాడుతూ, ఏ ఊళ్ళో ఏ ఘట్టం పెంచాడో, ఎక్కడ కుదించాడో చూస్తూ చూస్తూనే వంతగాడు కథకుడవుతాడు. వంత స్థానమే ఒగ్గు కథకు బడి.

ఈ బడి నుంచే పెద్ద కళాకారులు వచ్చారు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట కవి సినారె పుట్టిన ఊరు. ఒగ్గు కథకు తిరుగులేని గొంతు మిద్దె రాములుదీ ఆ ఊరే. 2010లో ఆయన కన్నుమూశారు. జనగామ ప్రాంతం మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను ఊరి వాకిలి నుంచి ఆకాశవాణి దాకా, అక్కడి నుంచి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా తీసుకెళ్ళారు. 2017లో ఆయనా వెళ్ళిపోయారు.

ఇవాళ ఒగ్గు పేరు వినపడని ఊరేగింపు తెలంగాణలో అరుదు. బోనాలకైనా, ప్రభుత్వ వేడుకకైనా ఒగ్గు డోలు బృందం ముందు నడుస్తుంది. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కట్టి డోలు వాయిస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ కుర్రాళ్ళ సాధనకు చేతులెత్తి మొక్కాలి. కానీ డోలుకు దొరికిన వేదిక కథకు దొరకలేదు. వేదిక మీద పది నిమిషాలు ఇస్తే నిలబడేది విన్యాసమే. పది నిమిషాల్లో కేతమ్మ పెళ్ళి దాకా ఎవరూ వెళ్ళలేరు. సమయం కుదించినప్పుడు మొదట ఎగిరిపోయేవి వంతగాడి ప్రశ్నలే. ఈ ఏడు వంతగాణ్ణి తగ్గించుకుంటే వచ్చే తరానికి కథకుణ్ణి తగ్గించుకున్నట్టే.

ఈ కథల్లో పశువుల కాపరుల జ్ఞాపకం ఉంది. కులాల మధ్య సంబంధాలు, సవతుల కయ్యాలు, మంద మీద ప్రేమ, వాన కోసం ఎదురుచూపు ఉన్నాయి. చరిత్ర పుస్తకాల్లో పేరు దక్కని జనం తమను తాము చెప్పుకున్న తీరు ఇది. వాళ్ళ పలుకుబడి నిండుగా వినాలంటే మన దగ్గరున్న చోటు ఇదే.

కాబట్టి జాతర నిర్వాహకులు ప్రతి ఆదివారం రాత్రి ఒక మండపం పూర్తి కథకు కేటాయించాలి. పారితోషికం వంతగాడికీ గౌరవంగా అందాలి. రికార్డు చేసేవాళ్ళు పాటల ముక్కలతో సరిపెట్టకుండా రెండు గొంతులూ, జనం నవ్వులూ కలిపి మొత్తం రాత్రిని భద్రపరచాలి. విశ్వవిద్యాలయాలు శిక్షణ ఇస్తే డోలుతో పాటు వంత కూడా నేర్పాలి. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే మనం కూడా పట్నం అయిపోగానే సంచి సర్దుకోకుండా, “ఇంకో ఘట్టం చెప్పుండ్రి” అని అడిగి, తగిన సంభావన ఇచ్చి కూర్చోవాలి. అడిగేవాళ్ళు ఉన్నన్నాళ్ళు చెప్పేవాళ్ళు తయారవుతూనే ఉంటారు.