ఎండు కొండల వెదురు, కాలువ గట్టు గాలం

మన దగ్గర మంచి గాలం కర్రకు పనికొచ్చే వెదురు ఎడతెగని వానలు కురిసే చోట దొరకదు. నల్లమల లాంటి ఎండు కొండల్లో దొరుకుతుంది. సాధనపు వెదురు నీటి వసతి ఉన్న లోయలో బోలుగా పెరుగుతుంది. అదే జాతి రాతినేల వాలులో సన్నగా, లోపలి బోలు దాదాపు పూడిపోయి గట్టిపడుతుంది. ఒకప్పుడు ఈటెలకు ఈ గడలే వాడేవారు. 19వ శతాబ్దపు అమెరికాలో, కలకత్తా రేవు నుంచి వెళ్లిన వెదురును బద్దలుగా చీల్చి, అతికించి గాలం కర్రలు చేశారు. చైనా నుంచి టోంకిన్ వెదురు వచ్చాకే దాని గిరాకీ తగ్గింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో మన దేశపు గాలం వేట మీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని ఏకంగా పుస్తకమే రాశాడు. కర్నూలు, కడప అప్పట్లో ఆ మద్రాసు రాజధానిలోవే.

సుంకేసుల నుంచి కడప దాకా సాగే కేసీ కాలువ గట్టున పట్టే నాటు గాలానికి రీలు ఉండదు. కర్ర, దారం, బెండు, సీసం, కొక్కెం, అంతే సరంజామా. జపాన్ కొండవాగుల్లో ఈకలతో కట్టిన దొంగ ఈగను ఎరగా వేసే టెంకారా కర్రకూ రీలు లేదు. రీలు లేనప్పుడు చేప గుంజే గుంజుడంతా కర్ర వంపే భరించాలి. కాబట్టి డబ్బూ ఓపికా ముందు కర్ర మీదే పెట్టాలి.

మేదరుల దగ్గర గడ ఏరేటప్పుడు పచ్చగా నిగనిగలాడేదాన్ని పక్కన పెట్టాలి. అది లేతది, ఆరితే ముడుచుకుపోతుంది. మూడేళ్లు దాటిన గడ తీసుకోవాలి. కణుపులు దగ్గరగా ఉండాలి, మొదలు నుంచి కొనదాకా సన్నబడటం ఎక్కడా తెగినట్టు ఉండకూడదు. మొదలు పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే కొన రెండు మూడు ఊపులకే నిలవాలి, అదేపనిగా ఊగే కర్రకు చేప కొరికిన సంగతి చేతికి తెలియదు. సన్నటి బెజ్జాల నుంచి పిండి రాలుతుంటే పుచ్చు పట్టినట్టే. పిండిపదార్థం కోసమే ఆ పురుగు చేరుతుంది. కొట్టిన గడను కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టేది అందుకే. వంకర ఉంటే సెగ చూపించి వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. అడవిలో సొంతంగా కొట్టుకోవాలన్న ఆలోచన మాత్రం వద్దు. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం.

దారాన్ని కొనకే కట్టి వదిలేయడం పొరపాటు. కొనలో ఒక ముడి వేసి, కర్ర వెంబడి కిందికి తెచ్చి మరోచోట కూడా బిగిస్తే, కొన విరిగినా చేప చేజారదు. నైలాన్ ముడిని బిగించే ముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే రాపిడి వేడికి దారం దెబ్బతింటుంది. సీమ ఎండ నైలాన్‌కు శత్రువు. చుట్టను నీడనే దాచాలి.

బెండుకు జొన్న దంటు లోపలి మెత్తటి భాగం చాలు. నిలవ నీటి చెరువులో చిన్న సీసం గుండు సరిపోతుంది, కాలువ పారకంలో బరువు పెంచాలి. బెండు కొన మాత్రమే నీటిపైన కనిపించేలా తూకం కుదిరితే పరిగె ముట్టినా తెలుస్తుంది. కొక్కెం పదును చూడటానికి బొటనవేలి గోరు మీద మెల్లగా లాగాలి. జారితే ఆకురాయి పట్టించాలి.

కొర్రమీనుకు ఈ సరంజామా సరిపోదు. మన రాష్ట్ర చేప అయిన అది గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, తుంగలోనూ తామరాకుల మధ్యా పొంచి ఉంటుంది. దానికి బెండు తీసేసి, పొట్టి దారం, మందపు కొక్కెం, బిరుసు కొన ఉన్న కర్ర కావాలి. ఎర నీటిపైనే కదలాలి. పట్టిన మరుక్షణం పైకి లేపకపోతే తుంగ వేళ్లకు దారం చుట్టేసి తెంపుకుపోతుంది.