విన్నదెంత, కన్నదెంత

1191 ఆగస్టు 20. అక్కా కోట బయటి మైదానంలో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ తనకు చిక్కిన ముస్లిం బందీలను తాళ్లతో కట్టి తెప్పించి, అందరూ చూస్తుండగా చంపించాడు. మూడు వేలమంది దాకా ఉంటారని అవతలి శిబిరంలో ఉన్న ఖాజీ బహాఉద్దీన్ ఇబ్న్ షద్దాద్ రాశాడు. దాదాపు 2,600 అని రిచర్డే ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. తెల్లారి సుల్తాను సలాహుద్దీన్ మనుషులు వెళ్లి శవాలను గుర్తుపట్టారు. అంత కడుపుమంటలోనూ, రిచర్డ్ ఎందుకిలా చేశాడన్న ప్రశ్న వచ్చేసరికి ఖాజీ శాపనార్థాలతో సరిపెట్టలేదు. తమవాళ్లను చంపినందుకు పగ తీర్చుకున్నారని కొందరన్నారట. అస్కలాన్ మీదికి కదలబోతూ అంతమంది బందీలను వెనక వదలడం ఇష్టంలేక చంపారని మరికొందరన్నారట. రెండూ రాసి, నిజం దేవుడికే ఎరుక అని ఊరుకున్నాడు.

మతం పేరిట కత్తులు దూసుకున్న క్రూసేడ్ల కాలంలో, ఒక పక్షం ఉప్పు తింటున్న మనిషి, శత్రువు ఘాతుకానికి రెండు కారణాలు పక్కపక్కన పెట్టడం చిన్న సంగతి కాదు. అది ఆయన ఒక్కడి మంచితనమూ కాదు. దాని వెనక నాలుగు వందల ఏళ్ల అలవాటు ఉంది.

ప్రవక్త మాటలను, నడతను సేకరించిన హదీసు పండితులు ప్రతి మాటకూ ముందు ‘ఫలానావాడికి ఫలానావాడు చెప్పగా’ అని పేర్ల వరస రాసేవారు. ఆ వరసను ఇస్నాద్ అంటారు. అందులో ఒక్కడు నమ్మదగనివాడైనా మాట విలువ పడిపోయేది. 923లో చనిపోయిన అల్ తబరీ తన మహాచరిత్రకు ఈ పద్ధతినే వాడుకున్నాడు. ఒకే సంఘటనకు మూడు నాలుగు కథనాలు దొరికితే వాటిని కలిపి కుట్టకుండా అన్నీ ఇచ్చేశాడు. పన్నెండో శతాబ్దం వచ్చేసరికి పేర్ల వరస కుదించుకుపోయింది కానీ, ఈ సంగతి నీకెలా తెలుసు అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. ఇబ్న్ షద్దాద్ సలాహుద్దీన్ కొలువులో చేరింది 1188లో. అంతకుముందు జరిగినవి నమ్మకస్తుల నోట విన్నవి, ఆ తర్వాతివి తాను చూసినవో, చూసినంత గట్టిగా తెలుసుకున్నవో అని పుస్తకంలోనే గీత గీసి చెప్పాడు.

చూసినవి రాసేటప్పుడు ఆయన కలానికి జీవం వస్తుంది. అక్కా ముట్టడి 1189 నుంచి 1191 దాకా సాగింది. ఊళ్లో ముస్లిం దండు, దాని చుట్టూ ఫ్రాంకులు (ఐరోపా నుంచి వచ్చిన క్రైస్తవులను అరబ్బులు అలా పిలిచేవారు), వాళ్ల వెనక సలాహుద్దీన్ సైన్యం. లోపలివాళ్లకు డబ్బు, ఉత్తరాలు చేరవేయడానికి ఈసా అనే ఈతగాడు ఉండేవాడు. చీకటిపడ్డాక మొలకు సంచులు కట్టుకుని, ఫ్రాంకుల ఓడల కింద మునిగి ఊళ్లో తేలేవాడు. క్షేమంగా చేరితే పావురాన్ని వదిలేవారు. ఒక రాత్రి వెయ్యి దీనార్లు, ఉత్తరాలు నడుముకు కట్టుకుని వెళ్లాడు. పావురం రాలేదు. కొన్నాళ్లకు ఊరి ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చింది. చూస్తే ఈసా. బంగారం, ఉత్తరాలు నడుముకే ఉన్నాయి. చచ్చాక కూడా అప్పగించిన సొమ్ము చేర్చినవాడిని ఇంకెక్కడా చూడలేదని ఖాజీ ఆశ్చర్యపోతాడు. రాజుల చరిత్రలో ఒక ఈతగాడికి పేరుతో సహా చోటు దక్కింది.

ఫ్రాంకుల శిబిరం నుంచి మూడు నెలల బిడ్డను దొంగలు ఎత్తుకొచ్చిన ఉదంతం కూడా ఆయన కళ్లముందే జరిగింది. తల్లి ఏడుస్తూ సలాహుద్దీన్ దగ్గరికి వచ్చింది. బిడ్డను అప్పటికే సంతలో అమ్మేశారు. సుల్తాను కొన్నవాడికి డబ్బు ఇప్పించి, బిడ్డను తెప్పించి, తల్లి పాలిచ్చేదాకా అక్కడే నిలబడి, గుర్రం ఎక్కించి పంపాడు. ఇంతవరకే చెబితే ఇది భజన. కానీ అక్కా బందీల హత్య తర్వాత పట్టుబడిన ఫ్రాంకులను అదే సుల్తాను చంపించిన సంగతినీ ఈ ఖాజీ దాచలేదు. 1193లో సలాహుద్దీన్ చనిపోయినప్పుడు ఖజానాలో 47 దిర్హములు, ఒక బంగారు నాణెం మాత్రమే ఉన్నాయని లెక్క చెప్పిందీ ఆయనే. ఆరాధన ఉంది, నిజమే. అయితే ఆరాధనకు అడ్డొచ్చే సంగతులనూ ఆయన తీసిపారేయలేదు.

ఆ ఆరాధనకు విరుగుడు కావాలంటే మోసుల్ వెళ్లాలి.

1160లో పుట్టిన ఇబ్నుల్ అసీర్ కుటుంబం మోసుల్‌ను ఏలిన జంగీ వంశాన్ని సేవించింది. ఆ వంశం చేతిలోని ఊళ్లను ఒక్కొక్కటే లాక్కుని, మోసుల్‌నే ముట్టడించినవాడు సలాహుద్దీన్. కాబట్టి ‘అల్ కామిల్’ అనే ప్రపంచ చరిత్ర రాసిన ఈయనకు సుల్తాను మీద గుర్రు ఉంది. ఆ గుర్రే మనకు మేలు చేసింది. 1187లో హత్తీన్ దగ్గర ఫ్రాంకులను గెలిచాక, లొంగిన ప్రతి కోటలోని ఫ్రాంకులనూ సలాహుద్దీన్ అభయమిచ్చి వదిలేశాడు. వాళ్లంతా తూరు రేవులో పోగయ్యారు. తర్వాత ఆ రేవే ఫ్రాంకులకు ఊపిరి పోసింది. ఇందులో తప్పు సలాహుద్దీన్‌ది తప్ప మరొకరిది కాదని ఇబ్నుల్ అసీర్ కుండబద్దలు కొట్టాడు. అంతకుముందు 1171లో తన ప్రభువు నూరుద్దీన్‌కు ఎదురుపడకుండా సలాహుద్దీన్ దండును వెనక్కి మళ్లించడంలో, మధ్యలో ఫ్రాంకులు అడ్డుగా ఉండటమే తనకు క్షేమమన్న లెక్క ఉందనీ తేల్చాడు. కొలువులో ఉన్నవాడు రాయడానికి జంకే మాటలు ఇవి.

అలాగని గెలుపు రోజున అతన్ని తక్కువ చేయలేదు. 1187 జూలై 4 నాటి హత్తీన్ పోరును సుల్తాను కొడుకు అల్ అఫ్జల్ మాటల్లో వినిపిస్తాడు. గుట్ట మీద ఉన్న ఫ్రాంకులు విరుచుకుపడిన ప్రతిసారీ తండ్రి ముఖం పాలిపోయేది, గడ్డం పట్టుకుని సైన్యాన్ని అదిలిస్తూ ముందుకు ఉరికేవాడు. వాళ్లు వెనక్కి తగ్గగానే కుర్రవాడు గెలిచామని కేకలేశాడు. నోరు మూసుకో, ఆ గుడారం కూలేదాకా గెలిచినట్టు కాదని తండ్రి గదమాయించాడు. ఆ మాట ముగిసేలోపే ఫ్రాంకుల రాజు గుడారం నేలకూలింది. సుల్తాను గుర్రం దిగి సాష్టాంగపడి ఏడ్చాడు. సంవత్సరం తర్వాత ఆ దారిన వెళ్తే నేలంతా ఎముకలు పరచుకుని ఉన్నాయని ఇబ్నుల్ అసీర్ చేర్చాడు. విన్నది యువరాజుది, కన్నది తనది.

ఆయన మరో గొప్పతనం దూరం చూడటం. 1085లో టొలీడో పతనం, సిసిలీ చేజారడం, 1098లో అంతియొకయ ముట్టడి... ఈ మూడింటినీ ఒకే ప్రవాహంలోని అలలుగా చూపించాడు. 1105లోనే డమాస్కస్ మసీదులో సులమీ అనే పండితుడు ఇంచుమించు ఇదే మాట చెప్పాడు, కానీ చరిత్ర గ్రంథానికి దాన్నే వెన్నెముకగా చేసింది ఇబ్నుల్ అసీర్. అదే చోట, ఆఫ్రికా మీదికి కలిసి వెళ్దామని ఫ్రాంకు రాజు కబురంపితే, అది మంచిదేనన్న తనవాళ్ల సలహా విని సిసిలీ ప్రభువు రోజర్ కాలెత్తి ఏం చేశాడో కూడా రాశాడు. పత్రికలో అచ్చు వేయలేం. కథ నమ్మదగింది కాదు, రాజకీయం మాత్రం నిజం: సిసిలీకి ఆఫ్రికాతో గోధుమల వ్యాపారం, అక్కడి పాలకులతో ఒప్పందాలు ఉన్నాయి.

అంకెల దగ్గర ఆయన్ని నమ్మకూడదు. 1099లో జెరూసలేం అల్ అక్సాలో 70,000 మందికి పైగా చంపారని నూరేళ్లు దాటాక రాశాడు. ఆ కాలంలోనే బతికిన డమాస్కస్ ఉద్యోగి ఇబ్నుల్ ఖలానిసీ చాలామందిని చంపారని, యూదులను వాళ్ల ప్రార్థనాలయంలో పెట్టి తగలబెట్టారని మాత్రం రాసి అంకె జోలికి పోలేదు. అంతకు కొన్నేళ్ల ముందే జెరూసలేంలో చదువుకున్న అండలూసియా పండితుడు ఇబ్నుల్ అరబీ 3,000 అన్నాడు. కాలం గడిచేకొద్దీ అంకె ఎలా లావెక్కుతుందో చూడాలంటే ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇబ్నుల్ ఖలానిసీ శైలి వేరు. డమాస్కస్ దివాణంలో ఉత్తరాలు రాసిన మనిషి, ఊరికి రెండుసార్లు పెద్దగా ఉన్నవాడు. 1148లో ఫ్రాంకులు డమాస్కస్‌ను ముట్టడించినప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. హిజ్రీ సంవత్సరాల వారీగా రాస్తూ ప్రతి ఏటి కింద యుద్ధంతోపాటు కరవు, మరణాలు, భూకంపాలు నింపేవాడు. 1156, 1157లలో సిరియాను కుదిపిన ప్రకంపనలను ఆయన నమోదు చేసిన తీరు నేటి భూకంప శాస్త్రజ్ఞులకూ ఆధారం. 1157లో కూలిన షైజర్ కోటలో, తన జ్ఞాపకాలు రాసిపెట్టిన ఉసామా ఇబ్న్ మున్ఖిజ్ కుటుంబం దాదాపు మొత్తం పోయింది. ఫ్రాంకులతో స్నేహాలు, వాళ్ల వైద్యం మీద ఎకసెక్కాలు నిండిన ఉసామా జ్ఞాపకాలు చరిత్ర గ్రంథం కాదు గానీ, శత్రువుల ఇళ్లలోకి తొంగిచూసే కిటికీ అది.

అందరూ ఇలా తేటగా రాయలేదు. సలాహుద్దీన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ ఇస్ఫహానీ ప్రతి వాక్యానికీ అంత్యప్రాస కట్టాడు. అరబీలో దీన్ని సజ్ అంటారు. శబ్దాల మోతలో సంగతి వెతుక్కోవాలి. అయినా ఆయన చేతుల మీదుగా సుల్తాను ఉత్తరాలు నడిచాయి కాబట్టి వదలడానికి వీల్లేదు. తర్వాతి తరంలో డమాస్కస్‌కు చెందిన అబూ షామా ఆ ప్రాసలను చాలామటుకు విప్పేసి, విషయాన్ని తన సంకలనంలో పెట్టాడు. అలెప్పో షియా రచయిత ఇబ్న్ అబీ తయ్యి పుస్తకాల నుంచి భాగాలను పేరు చెప్పి మరీ ఎత్తిరాశాడు. అబూ షామా సున్నీ, అయినా షియా మాటను షియా పేరుతోనే ఉంచాడు. ఇబ్న్ అబీ తయ్యి మూలగ్రంథాలు పోయాయి. ఈనాడు ఆయన రాసినదాంట్లో మనకు దొరికే పెద్ద వాటా అబూ షామా పుటల్లోనిదే.

వీళ్లెవరూ తటస్థులు కారు. ఫ్రాంకుల పేరు వస్తే శపిస్తారు, చేజారిన ఊరి పేరు వస్తే తిరిగి దక్కాలని ప్రార్థిస్తారు. తమ రాజుల కొట్లాటలే శత్రువుకు దారి ఇచ్చాయని మళ్లీ మళ్లీ వాపోతారు. ఈ గొంతులను బయటి పాఠకులకు చేర్చడంలో 1957 నాటి ఫ్రాంచెస్కో గాబ్రియేలి ఇటాలియన్ సంకలనం, 1983లో అమీన్ మాలూఫ్ ఫ్రెంచ్‌లో రాసిన పుస్తకం పెద్ద మెట్లు. ఇబ్న్ షద్దాద్‌కూ, ఇబ్నుల్ అసీర్ గ్రంథంలో ఈ యుద్ధాల కాలపు భాగానికీ డి.ఎస్. రిచర్డ్స్ చేసిన ఇంగ్లిష్ అనువాదాలు ఉన్నాయి. మొదలుపెట్టదలచినవారు అక్కా ముట్టడి ఘట్టాన్ని ముందు ఖాజీ దగ్గర, తర్వాత మోసుల్ చరిత్రకారుడి దగ్గర చదవండి. ఇద్దరూ ఒప్పుకున్న చోట కన్నా, విడిపోయిన చోటే ఎక్కువసేపు ఆగండి.