ఉత్తరపు కిటికీ, ఉప్పుగాలి

చిత్రకారుడి గదికి మొదట కావలసింది నిలకడైన వెలుతురు. ఉత్తరం వైపు కిటికీ ఉండాలని పాశ్చాత్య చిత్రకళా గ్రంథాలు చెబుతాయి. అటు నుంచి నేరుగా ఎండ పడదు, నీడలు గంటగంటకూ జరగవు. యూరప్‌కు సరిపోయిన ఈ సూత్రాన్ని విశాఖపట్నంలోని మల్కాపురంలో కాస్త సవరించుకోవాలి. విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచీ ఎండ దిగుతుంది. పల్చని తెల్లగుడ్డ కడితే వెలుగు మళ్లీ కుదురుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద కలిపిన రంగు పగటిపూట వేరుగా కనిపిస్తుంది కనుక రంగుల పని పగటికి, గీతల పని రాత్రికి ఉంచుకోవడం మేలు.

వెలుతురు కుదిరాక స్కెచ్. 1941లో శంకుస్థాపన జరిగిన షిప్‌యార్డు, 1957లో మొదలైన రిఫైనరీ, వెనక యారాడ కొండ మల్కాపురానికి ఇరుగుపొరుగు. క్రేన్ల నిట్టనిలువు గీతలకు కొండ వాలు ఎదురు నిలవడమే ఇక్కడి కూర్పులోని బలం. దగ్గర్లోని నౌకాదళం హద్దుల్లో నిలబడి బొమ్మ గీసుకునే వీలుండదు. కళ్లతో పట్టుకుని ఇంటికొచ్చి కాగితం మీద పెట్టాలి. అనవసరమైనది దారిలోనే జారిపోతుంది గనుక ఈ సాధన చిత్రకారుడికి ఎంతో మేలు చేస్తుంది.

తర్వాతది రంగు. నీటిరంగుల్లో తెలుపు కాగితానిదే, ఒకసారి కప్పేస్తే తిరిగి రావడం కష్టం. తేమగాలిలో వాష్ (పల్చని రంగుపూత) నెమ్మదిగా ఆరుతుంది. అంచులు కలపడానికి అది వరం, పైపూత తొందరపడి వేస్తే మాత్రం మురికి. తైలవర్ణంలోని అవిశెనూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, నూనె ఎక్కువైన పొర నెమ్మదిగా ఆరుతుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. క్రమం తప్పితే పగుళ్లు వస్తాయి.

ఆరే రోజుల్లో ఓడరేవు దుమ్ము తడి రంగుకు అంటుకుంటుంది. కాన్వాస్‌ను గోడవైపు తిప్పి, కొద్దిగా ముందుకు వాల్చి ఆనించాలి. ఉప్పుగాలికి ఇనుప మేకులు తుప్పుపట్టి గుడ్డ అంచుల్లో గోధుమరంగు మరకలు దిగుతాయి. ఇత్తడి మేకులు వాడితే ఆ బెడద ఉండదు. కాగితపు చిత్రాలను గోడకు అంటనివ్వకుండా, గాలి ఆడేలా ఉంచితే బూజు పట్టదు.

చిత్రం ముగిసిందో లేదో తేల్చేది చూపే. రెండు మూడు రోజులు కనబడకుండా పెట్టి, తర్వాత అద్దంలో చూస్తే ఒరిగిన గీత, అతిగా వేసిన రంగు వెంటనే తెలుస్తాయి. నూనెరంగు పూర్తిగా గట్టిపడ్డాకే, సాధారణంగా ఆరు నెలల తర్వాత, చివరి వార్నిష్.

ఈ పనికి పెద్ద నగరమో విశాలమైన స్టూడియోయో తప్పనిసరి కాదు. దామెర్ల రామారావు (1897–1925) బొంబాయిలో చదివి రాజమండ్రికి తిరిగివచ్చి అక్కడి మనుషులనూ గోదావరినీ చిత్రించారు. చందమామ ముఖచిత్రాలతో తెలుగువారికి దగ్గరైన వడ్డాది పాపయ్య (1921–1992) అనకాపల్లి పక్కనున్న కశింకోటలో స్థిరపడ్డారు. తానున్న ఊరి వెలుగునూ తేమనూ ఎరిగినవాడికి ఇంట్లోని ఒక్క గది చాలు.