మన పాటలలో మన భాష

ఆదివారపు ఆరాధనలో మీరెప్పుడైనను గమనించితిరా? ఒక కీర్తన ఎత్తుకొనగానే అక్షరము రాని అవ్వ కూడ కన్నులు మూసికొని చరణములన్నియు పాడును. మరియొక పాట వచ్చినప్పుడు పుస్తకము చేతనున్నవారే తడబడుదురు. లోపము వారి భక్తిలో లేదు. పాట కూర్చిన తీరులో నున్నది.

ప్రతి జాతి భాషకును దాని నడక దానికుండును. ఆంగ్లపద్యము మాటలోని ఊనికను బట్టి నడచును. తెలుగుపద్యము లఘువు గురువులను బట్టి నడచును. ఆంగ్లరాగమును ఉన్నదున్నట్లు నిలిపి, అందులో తెలుగు మాటలను ఇరికించినయెడల, పొట్టి అక్షరము సాగిపోవును, దీర్ఘము నలిగిపోవును. మాటలు తెలుగువే యైనను చెవికి పరాయివిగా తోచును.

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) ఈ చిక్కులో పడలేదు. ఒరియాయు తెలుగును కలిసి వినబడు పర్లాకిమిడి సీమలో పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిన ఆయన, నూటికి పైగా కీర్తనలు వ్రాసిరి. తెలుగువారు అంతకుముందే ఎరిగిన పల్లవి, చరణము, రాగము, తాళము అనువాటినే చేపట్టిరి. ఒకరు పాడగా తక్కినవారు పల్లవి నందుకొందురు; కావున చదువురాని సంఘము సహా వాటిని కంఠస్థము చేసికొనెను. మనది పరదేశుల మతమని ఎవరైన అన్నప్పుడు, వాదముకంటె ఆ కీర్తనయే మంచి జవాబు.

అయితే ఉన్న సంగతి చెప్పవలెను. పాత కీర్తనలలో కొన్నిట పెద్ద పెద్ద సంస్కృత సమాసములు కలవు. వాటిని అర్థము తెలియకయే పాడువారు మనలో అనేకులు. అదియు ఒక విధమైన పరాయితనమే. మరియు తర్జుమా పాటలన్నియు చెడ్డవి కావు. తెలుగు నడకకు ఒదిగినవి మన పిల్లల నోట నిలిచియే యున్నవి. కాబట్టి పాట ఎక్కడినుండి వచ్చెనని కాదు, మన నోట ఇమిడెనా అని చూడవలెను.

పెంతెకొస్తు దినమున కూడివచ్చిన జనులు ఒక్క భాష నేర్చుకొనవలసి రాలేదు. ఎవరి భాషలో వారు వినిరి.

కావున క్రొత్త పాట నేర్పువారు మొదట దానిని రాగము లేకుండ చదివి వినిపించుడి. పొలమునుండి వచ్చిన సహోదరికి అది తెలిసినయెడల, అప్పుడు రాగమెత్తుడి. మీ ఇంటి అవ్వకు వచ్చిన కీర్తనలను, ఆమె యుండగానే, మీ పిల్లలకు నేర్పించుడి.